తల ఊపిన సర్వరు

ఫిబ్రవరి 3, సోమవారం

క్లయింటు ప్రోగ్రాము రాసే జట్టును పై అంతస్తు నుంచి మా సర్వరు జట్టు గదిలోకి దింపారు. పక్కపక్కన కూర్చుంటే పోట్లాటలు తగ్గుతాయని మేనేజరు ఆలోచన. తగ్గవు. ఇన్నాళ్ళూ మెయిళ్ళలో పోట్లాడుకున్నాం, ఇకనుంచి మొహాలు చూసుకుంటూ పోట్లాడుకుంటాం. అంతే తేడా.

నా పక్క బల్ల మఫ్లరుకి దక్కింది. ఏసీ పడదని ఏడాది పొడుగునా మెడకి మఫ్లరు చుట్టుకునే మనిషి. ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆఫీసులో లేరు. క్లయింటులో సగానికి పైగా ఆయన రాసిందే. రాగానే నా వైపు కిటికీ తెర దించేసి, "మీకేం ఇబ్బంది లేదుగా?" అన్నాడు. దించాక అడిగాడు.

లేదన్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

పక్కింటావిడ చక్కెర కోసం వచ్చి, "సర్వర్లు చూసుకుంటావటగా, ఏ హోటల్లో?" అని అడిగింది. కంప్యూటర్ల సర్వర్లండీ అన్నాను. ఆవిడకి హోటలే నయమనిపించినట్టుంది.

ఆవిడ వెళ్ళాక నాకెందుకో హుషారొచ్చింది. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ నేను చేసే పనేమిటో అక్కకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. అక్క సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. వెనక కుర్చీ లాక్కుని మొదలుపెట్టాను. ప్రోగ్రాములు రాసేవాళ్ళు రాసిందంతా ఒకచోట దాచుకుంటారు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అక్కడ మొత్తం ఉంటుంది. ఆ దాచిపెట్టేది సర్వరు, అది నాది. ఎవరి బల్ల మీద వాళ్ళ కంప్యూటర్లో ఉండి దానితో మాట్లాడేది క్లయింటు, అది మఫ్లరుది. రెండూ కలిసిన ప్రతిసారీ ముందు పలకరింపు జరుగుతుంది. నాకు ఫలానావి వచ్చు అని సర్వరు చెబుతుంది. అందులో నాకు ఇవి కావాలి అని క్లయింటు అంటుంది. ఆ తర్వాతే పని. కొత్తదానికి పాతది తగిలినా, పాతదానికి కొత్తది తగిలినా గొడవ రాకుండా ఉండేది ఈ పలకరింపు వల్లే. ఇద్దరికీ తెలిసిన మాటల్లోనే మాట్లాడుకుంటాయి.

"ఆ... ఆ..." అంటూ అక్క తల ఊపుతూనే ఉంది. అంతా అయ్యాక నా వైపు తిరిగి, "రేపు నీళ్ళు రావట, బకెట్లు నింపు," అంది.

పాపం, డ్యూటీ దిగి వచ్చి ఎంతోసేపు కాలేదు. నర్సు ఉద్యోగం మరి. ఈ నెల నుంచి అంటురోగాల వార్డులో వేశారు. అక్కడ డాక్టర్లూ నర్సులూ అందరూ మాస్కులతోనే ఉండాలట. అలిసిపోతోంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

తాళంచెవి మరిచిపోయి వెళ్ళాను. బెల్లు కొట్టి కొట్టి వేలు నొప్పెట్టింది. అక్క లోపలే ఉంది. నిద్రపోయానంది. చేతిలో సగం కుట్టిన లంగా ఉంది. కుడుతూ నిద్రపోయి ఉంటుంది.

ఫిబ్రవరి 10, సోమవారం

అంబులెన్సు సంస్థ నుంచి ఫిర్యాదు వచ్చింది. వాళ్ళ ప్రోగ్రాములన్నీ మా సర్వరులోనే దాచుకుంటారు. ఫోను ఏ వీధి నుంచి వచ్చిందో చూసి ఏ స్టేషను నుంచి బండి పంపాలో చెప్పే ప్రోగ్రాము ఒకటుంది. కిందటి వారం వాళ్ళ ఇంజనీరు దాన్ని మార్చాడు. మార్చాల్సినవి రెండు: వీధుల పటం, ఆ పటాన్ని చదివే ప్రోగ్రాము. రెండూ కలిపి ఒకేసారి పంపాడు. రెండూ ఎక్కితేనే ఎక్కించు, లేకపోతే ఏదీ వద్దు అని షరతు పెట్టాడు. మా కొత్త సర్వరుకి వచ్చిన విద్యల్లో ఇదొకటి. మేం ఊరంతా చాటుకునే విద్య.

పటంలో అప్పటికే ఇంకెవరో ఏదో దిద్ది ఉన్నారు. అందుకని సర్వరు దాన్ని తిప్పికొట్టింది. అలాంటప్పుడు ప్రోగ్రామునీ తిప్పికొట్టాలి. కొట్టలేదు, ఎక్కించేసింది. ఆయనకేమో 'ఎక్కలేదు' అని సమాధానం వచ్చింది. రెండూ ఎక్కలేదనుకుని భోజనానికి వెళ్ళాడు. ఈలోగా కొత్త ప్రోగ్రాము పాత పటాన్ని చదవడం మొదలుపెట్టింది.

అసలు ఆ షరతు ఆయన పెట్టనే లేదని వాళ్ళ పైవాళ్ళు అంటున్నారు. పెట్టానని ఆయన అంటున్నాడు.

క్లయింటు తప్పేమీ లేదని మఫ్లరు తేల్చేశాడు. ఎవరూ అడగకముందే.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇంజనీరు నేరుగా నాకే ఫోను చేశాడు. గొంతు వింటే చిన్నవాడే. ఆ మధ్యాహ్నం ఒక పేటకి వెళ్ళాల్సిన బండ్లన్నీ వంతెన అవతలి స్టేషను నుంచి బయల్దేరాయట. ఒక పెద్దాయనకి పక్షవాతం వచ్చింది. ఆయన భార్య ఫోను చేసి, ఆయన్ని పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. రెండు సందుల అవతల స్టేషనులో బండి ఖాళీగానే ఉంది. వచ్చింది మాత్రం వంతెన మీది ట్రాఫిక్కులోంచి.

బతికాడు. కుడి చెయ్యి లేవడం లేదట.

"నన్ను ఇంట్లో కూర్చోమన్నారు మేడమ్. ఆ షరతు పెట్టకుండా నేనెప్పుడూ ఏదీ పంపను. మీ వైపు ఒక్కసారి చూస్తారా?" అన్నాడు.

చూస్తామన్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

మఫ్లరూ నేనూ పొద్దుట్నుంచీ అదే పని. ఆయన క్లయింటు నుంచి రెండు ముక్కలు షరతు పెట్టి పంపడం, నా సర్వరు ఒకదాన్ని కావాలని తిప్పికొట్టడం. రెండోదీ బుద్ధిగా వెనక్కి వెళుతోంది. మళ్ళీ పంపితే మళ్ళీ అంతే. నాకు లోలోపల సంతోషంగానే ఉంది. ఆ కుర్రవాడు షరతు పెట్టి ఉండడు, పెట్టాననుకుని ఉంటాడు అన్నాను.

మఫ్లరు మేం చేసిన పరీక్షలన్నీ మళ్ళీ మొదట్నుంచీ చూశాడు. తర్వాత, "మీ సర్వరంటే ఒకటే యంత్రమా?" అని అడిగాడు. కాదు, బయటికి పేరు ఒకటే, లోపల చాలా ఉన్నాయి, ఏది ఖాళీగా ఉంటే అది పలుకుతుంది అన్నాను.

"అన్నీ కొత్తవేనా?"

కావు. పోయిన వానాకాలం సగం మార్చాం. గొడవేమీ రాకపోతే మిగతా సగం మారుద్దామని మేనేజరు అన్నాడు. గొడవేమీ రాలేదు కాబట్టి మిగతా సగం సంగతి అందరం మరిచిపోయాం. మేం పొద్దుట్నుంచీ పరీక్షిస్తున్నది అన్నీ కొత్తవే ఉన్న చోట.

ఒక పాతదాన్ని తెచ్చి కలిపాం. అంతే, కాసేపటికే దొరికింది. కొన్నిసార్లు సరిగ్గా జరుగుతుంది, కొన్నిసార్లు సగమే ఎక్కుతుంది. పలకరింపు కొత్త యంత్రంతో జరుగుతుంది. నాకు ఆ షరతు వచ్చు అని అది చెబుతుంది. అది నమ్మి క్లయింటు సరుకు పంపితే, ఆ సరుకు పాతదాని దగ్గరికి పోతుంది. పాతదానికి షరతు అన్న మాటే తెలియదు. తెలియదని అనదు. తెలియని మాట వస్తే వదిలేసి మిగతా పని కానిచ్చెయ్ అని అందులో రాసి ఉంది. నాకు ముందున్నవాళ్ళు మంచికే రాశారు, కొత్త క్లయింట్లు వచ్చినా పాత సర్వరు బెదిరిపోకూడదని. పాపం అది తల ఊపి, తనకి అర్థమైనంత చేసి కూర్చుంటోంది.

"తెలీదంటే సరిపోయేది. మావాడు అక్కడే ఆగిపోయేవాడు," అన్నాడు మఫ్లరు. క్లయింటుని వాడు అంటాడు. తన మాటే నెగ్గినా మొహంలో ఆ సంబరం లేదు. పెద్దాయన చెయ్యి సంగతి ఆయనకీ చెప్పాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మేనేజరుకి చెప్పాను. చెడ్డవాడు కాదు. చివరిదాకా విన్నాడు, మంచిపని చేశావన్నాడు. పాతవన్నీ మార్చేదాకా ఆ షరతు వచ్చని కొత్తవాటి చేత కూడా చెప్పించొద్దన్నాడు. అదే చెయ్యాలి, నేనూ అదే అందామనుకున్నాను.

మరి అంబులెన్సు వాళ్ళకి చెప్పాలి కదా అన్నాను.

తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు. "చెబుదాం. వాళ్ళతో కొత్త కాంట్రాక్టు మీద సంతకం అయిపోనీ. ఇప్పుడు చెబితే అది సాఫ్ట్‌వేర్ మాట కాదు, కోర్టు మాట. ఆ పెద్దాయన చెయ్యి మన మెడకి చుట్టుకుంటుంది. బయట ఎంతమంది కూర్చుని ఉన్నారో ఒకసారి చూసి రా."

చూడకుండానే తెలుసు. సరేనన్నట్టు తల ఊపాను.

ఫిబ్రవరి 17, సోమవారం

రాయాల్సిందేమీ లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

పాత యంత్రాలన్నీ మార్చేశాం. ఎవరికీ అంతరాయం కలగలేదు. ఇంత శుభ్రంగా జరుగుతుందని నేనే అనుకోలేదు. మఫ్లరు టీ తెచ్చిపెట్టాడు, అడక్కుండానే తెర కూడా కొంచెం ఎత్తాడు.

ఇంజనీరు నంబరు నుంచి రెండుసార్లు ఫోను. మీటింగులో ఉన్నాను. మీటింగంటే, టీ తాగుతున్నాం.

ఫిబ్రవరి 19, బుధవారం

వాళ్ళకి జవాబు వెళ్ళింది. "మా వైపు పరిశీలించాము. సర్వరు ప్రస్తుతం సక్రమంగా పనిచేయుచున్నది. మీ వినియోగదారుని అమరికలు సరిచూసుకొనగలరు." ప్రతి ముక్కా నిజమే. 'ప్రస్తుతం' అన్న మాట మేనేజరు చేర్చాడు. పంపేముందు సర్వరు చూసేవాళ్ళ మాట ఒకటి కావాలన్నాడు. 'చూశాను, సరే' అని రాశాను.

చూశాను కదా. అందులో అబద్ధమేముంది?

ఫిబ్రవరి 20, గురువారం

భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని అక్కకి మొత్తం చెప్పాను, కుర్రవాడి సంగతి, పెద్దాయన సంగతి, జవాబు సంగతి. ఒక్క ముక్క పోనివ్వకుండా వింది. పెద్దాయనకి ఫిజియోథెరపీ మొదలుపెట్టారా అని రెండుసార్లు అడిగింది. నాకెలా తెలుస్తుంది?

వింటుంది. మనసు పెడితే శుభ్రంగా వింటుంది.

ఫిబ్రవరి 22, శనివారం

అక్క మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. వీపు నా వైపు ఉంది. గుమ్మంలో నిలబడి, ఎందుకన్నానో నాకే తెలియదు, మామూలు గొంతుతో, "అక్కా, ఇల్లు కాలిపోతోందే," అన్నాను.

దిండు గలీబు విదిలించి, నాలుగు మూలలూ కలిపి, మడతపెట్టింది. ఇంకోటి తీసింది.

టీవీ మోతలో వినపడి ఉండదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

నిన్న టీవీ ఆపేసి ఉంది.

ఫిబ్రవరి 26, బుధవారం

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అక్క ఇంట్లోనే ఉంది. డ్యూటీ ఉన్న రోజు. బీరువాలో బట్టలు మొత్తం కిందికి దింపి, అరలు తడిగుడ్డతో తుడుస్తోంది. అమ్మ పోయినప్పుడు కూడా ఇలాగే తుడిచింది. నేను పక్కన కూర్చుని బట్టలు అందిస్తూ ఊరుకున్నాను. తనే చెప్పింది.

ఒక రోగికి రోజూ ఇచ్చే ఇంజక్షను ఇవాళ్టి నుంచి ఆపేయమని డాక్టరు చెప్పాడట. మంచానికి అటువైపు నిలబడి, మాస్కులోంచి. అక్క తల ఊపింది. ఊపి, వెళ్ళి అదే ఇంజక్షను సిరంజిలోకి ఎక్కించుకుని వచ్చింది. సూది ఒంటికి తగిలేలోపు పక్క నర్సు చెయ్యి పట్టుకుంది. డాక్టరుగారు ఆపమన్నారు కదా సిస్టర్ అంది. అక్క మరిచిపోయానని చెప్పి, తలనొప్పిగా ఉందని సెలవు పెట్టి వచ్చేసింది.

"మరిచిపోలేదే. నాకు వినపడలేదు. వినపడకపోయినా తల ఊపాను."

మళ్ళీ చెప్పమని అడగొచ్చుగా అన్నాను.

"ఒకసారి అడుగుతాం, రెండుసార్లు అడుగుతాం. మూడోసారికి ఎలా చూస్తారో నీకు తెలీదు. తల ఊపితే ఎవరూ ఏమీ అనరు."

నాన్న ఉండగానే మొదలైందట. అవతలివాళ్ళ పెదవులు చూసి ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. ఈ వార్డులో మాస్కుల వెనక పెదవులు కనపడవు. ఈ నెలంతా ఊహించుకుని పని చేస్తోంది.

 రేపే నర్సులందరి పైన ఉండే మేట్రన్‌కి చెప్పేయమన్నాను. ఇది నీ ఒక్కదాని సంగతి కాదు, అవతల మనిషి ప్రాణం అన్నాను. దాచిపెట్టి ఎన్నాళ్ళు నెట్టుకొస్తావన్నాను. చాలా అన్నాను. ఎదురుగా కూర్చునే అన్నాను కాబట్టి ఒక్కటీ పోయి ఉండదు.

అంతా అయ్యాక, "నువ్వు చెప్పావా?" అంది.

ఎవరికి అన్నాను.

"ఆ అంబులెన్సు అబ్బాయికి."

బట్టలు మళ్ళీ బీరువాలో సర్దాం. 

ఫిబ్రవరి 27, గురువారం

చెప్పేశాను.

ఆఫీసు మెట్ల మీదికి వెళ్ళి ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. వెనక ఎవరో పసిపిల్ల ఏడుపు. షరతు మీరు పెట్టారు, అది మా వైపు పోయింది అని చెప్పి, ఎలా పోయిందో కూడా చెప్పాను.  

"మళ్ళీ ఒకసారి చెప్పండి," అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

"రాసిస్తారా?"

అది మాత్రం అడగడని ఎక్కడో ఆశపడ్డాను. రాసిస్తానన్నాను.

బల్ల దగ్గరికి వచ్చి రాయడం మొదలుపెట్టాను. వాళ్ళంతట వాళ్ళే పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి ఎలా పరీక్షించుకోవాలో కూడా రాశాను. నా మాట నమ్మక్కర్లేకుండా ఉండాలని. మఫ్లరు కుర్చీ జరుపుకుని చదివాడు. నన్ను ఆపుతాడనుకున్నాను. ఒక వాక్యం తికమకగా ఉందని సరిచేయించాడు. తర్వాత, "నా పేరు కూడా పెట్టండి. పరీక్ష ఇద్దరం చేశాం," అన్నాడు.

మీకెందుకండీ అన్నాను. ఇద్దరు పిల్లలున్న మనిషి.

"మా క్లయింటు తప్పు లేదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా," అన్నాడు. నవ్వాడు, సరిగ్గా రాలేదు.

పంపేశాక నేనే మేనేజరు గదికి వెళ్ళాను. ముందు నాకు చెప్పాల్సింది అన్నాడు. ముందు మీకే చెప్పానండీ, పద్నాలుగో తేదీన, ఇక్కడే కూర్చుని, అన్నాను.  నేనింక వెళ్ళనా అంటే వెళ్ళమన్నాడు.

మార్చి 3, సోమవారం

లాయర్లు దిగారు. సర్వరు తాళాలన్నీ, అంటే పాస్‌వర్డులన్నీ, నా దగ్గర్నుంచి తీసుకున్నారు. నన్ను ప్రింటరు గదిలో కూర్చోబెట్టి, పాత సూచనల పుస్తకాలు సరిదిద్దమన్నారు. మఫ్లరుకి మందలింపు లేఖ ఇచ్చారు. ప్రింటవుట్ తీసుకోవడానికి ఇక్కడికే రావాల్సి వచ్చింది పాపం, నేనే తీసి ఇచ్చాను.

మార్చి 6, గురువారం

క్యాంటీన్‌లో నా చుట్టూ కుర్చీలన్నీ ఖాళీగా దొరుకుతున్నాయి. బ్యాగు పెట్టుకోవడానికి బాగుంది.

మార్చి 12, బుధవారం

అక్క ఇంకా మేట్రన్‌కి చెప్పలేదు. సెలవు పొడిగించుకుంటూ పోతోంది. అడగకూడదనుకుంటూనే రోజూ అడుగుతున్నాను. నిన్న అడిగితే, నీ ఉద్యోగం ఊడినా కంప్యూటర్లు ఇంకో చోట దొరుకుతాయి, చెవిటి నర్సుని ఎవరు పెట్టుకుంటారు అంది. చెవిటి అన్న మాట తన నోట మొదటిసారి విన్నాను.

మార్చి 14, శుక్రవారం

ఇంజనీరు ఫోను చేశాడు. తిరిగి పనిలోకి తీసుకున్నారట. పటాల పని మాత్రం ఇవ్వలేదట. నాకు కృతజ్ఞతలేమీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? వారం పైగా ఆయన ఫోను వస్తే ఎవరో తెలియనట్టు నటించినదాన్ని.

పెద్దాయన్ని చూడ్డానికి వెళ్ళాడట. వేళ్ళు కొంచెం ముడుస్తున్నాడు, రబ్బరు బంతి ఇచ్చారు, కోపం వస్తే దాన్ని గోడకేసి కొడుతున్నాడు, ఎడమ చేత్తో అన్నాడు. పెద్దాయన భార్య ఈ ఇంజనీరుకి టీ పెట్టిచ్చిందట. ఎవరో తెలుసుకుని కూడా.

ఫోను పెట్టేసేముందు, "ఇకమీదట మీ సర్వరుకి తెలీని మాట వస్తే ఏమంటుంది?" అని అడిగాడు.

తెలీదని చెప్పి ఆగిపోయేలా రాయాలండీ అన్నాను.

"రాశారా?"

ఇంకా లేదు, కొత్తవాటిలోనూ ఆ పాత నియమమే ఉంది అన్నాను. రాశాక చెప్పమన్నాడు.

మార్చి 17, సోమవారం

మేనేజరు స్వయంగా ప్రింటరు గదికి వచ్చాడు. కాగితం కోసం వచ్చినట్టు కాసేపు అటూ ఇటూ తిరిగాడు. అంబులెన్సు వాళ్ళు మాతోనే ఉంటారట, సర్వరు తెలియని మాటకి మౌనంగా ఉండకూడదని రాతపూర్వకంగా హామీ ఇస్తేనే. పాత కోడులో చెయ్యి పెట్టే ధైర్యం ఇంకెవరికీ లేదట. "మీరైతేనే బాగుంటుంది," అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను మీరు అనడం ఇదే మొదలు.

తాళాలు రేపు ఇస్తారు.

మార్చి 20, గురువారం

అక్క చెప్పేసింది. పొద్దున్న లేచి, నేనడక్కముందే, నువ్వు కూడా రా అంది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు అద్దంలోంచి అక్క వీపు కనపడుతోంది. మేట్రన్ మాస్కు తీసి మాట్లాడుతోంది.

ఉద్యోగం పోలేదు. చెవి డాక్టరు కాగితం ఇచ్చేదాకా వార్డు నుంచి తీసి మందుల స్టోరులో వేశారు. అక్కడ పెదవులు చూడాల్సినంత పని లేదు, డబ్బాల మీద రాసే ఉంటుంది. నాకు గుండె కుదుటపడింది. అక్క మాత్రం బస్సులో ఏడుస్తూనే ఉంది.

చాలాసేపటికి చెప్పింది. మేట్రన్‌కి ఏడాదిగా అనుమానం ఉందట. అడిగితే అక్క ఎక్కడ నొచ్చుకుంటుందోనని అడగలేదట.

"తెలిసి కూడా నన్ను ఆ వార్డులో వేసింది. నొచ్చుకుంటానని చూసింది గానీ, మనిషిని చంపుతానేమో అని చూడలేదు," అంది.

నేను చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. నా వైపు చూడనూ లేదు.

మార్చి 28, శుక్రవారం

కొత్త నియమం ఇవాళ పెట్టాం. తెలియని మాట వినపడితే సర్వరు ఆ మాట పేరు చెప్పి, ఇది నాకు తెలియదు అని ఆగిపోతుంది. అంబులెన్సు ఇంజనీరుకి ముందే చెప్పాను. సరే అని ఒక్క మాట వచ్చింది.

పది కొట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళెందుకు చెయ్యదని ఫోన్లే ఫోన్లు. ఏళ్ళ తరబడి ఎవరెవరు ఏయే పిచ్చిమాటలు పంపుతున్నారో ఇప్పుడు బయటపడింది. అన్నిటికన్నా ఎక్కువసార్లు పట్టుబడ్డ మాట మఫ్లరుది. క్లయింటు ఒక మాటని ఒక అక్షరం తప్పుతో మొదట్నుంచీ పంపుతోంది. ఇన్నాళ్ళూ సర్వరు వదిలేసేది కాబట్టి ఆ మాటతో అడిగే సదుపాయం ఒక్కరోజు కూడా ఎవరికీ అందలేదు. అది ఎంత బాగా పనిచేస్తుందో ఈయన సభల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చి ఉన్నాడు.

మఫ్లరు విప్పి, మొహం తుడుచుకుని, ఆ అక్షరం దిద్దాడు. నేనేమీ అనలేదు. రెండుసార్లు ఉపన్యాసం గురించి అడిగాను, అంతే.

ఏప్రిల్ 6, ఆదివారం

అక్కకి చెవి మిషన్లు వచ్చి మూడోరోజు. ప్రపంచాన్ని తిట్టిపోస్తోంది. ఫ్రిజ్ ఇలా మూలుగుతుందా, ఈ ఫ్యాను ఇన్నాళ్ళూ ఇలాగే టకటకలాడుతోందా, పక్కింటివాళ్ళు ఇంత పోట్లాడుకుంటారా, ఇంత గోలలో మీరంతా ఎలా బతికారు అంటోంది. నిన్న స్నానానికి వెళుతూ తీసి, హాయిగా ఉందంది. మళ్ళీ తనే పెట్టుకుంది.

మధ్యాహ్నం నేను వంటింట్లో కూర కలుపుతున్నాను. అక్క హాల్లో ఉంది, నాకు కనపడటం లేదు.

"ఎవరే మహారాణి?" అని అక్కణ్ణుంచే అడిగింది.

గరిటె ఆగిపోయింది.

పొయ్యి ముందు నిలబడితే నాకు సణిగే అలవాటుంది. అక్క మీదే. ఉప్పు డబ్బా చోటు మార్చిందని, మహారాణిగారికి స్టవ్వు తుడవడం రాదని, ఇంకా చాలా. మనసులో కాదు, పైకే అంటాను. గదిలో ఇంకో మనిషి ఉండగానే అంటాను. ఇన్నేళ్ళుగా అలాగే అంటున్నాను. అక్క వీపు నా వైపు ఉంటే చాలు, ఏదైనా అనొచ్చని నాకు ఎప్పుడో తెలుసు.

ఎప్పట్నుంచో తెలుసు.

 ఎవరూ కాదక్కా, ఊరికే అన్నాను. గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. ఆమెకి వినపడింది.

"ఊరికే ఏం కాదు. మిగతాది కూడా చెప్పు, వింటున్నాగా," అంది.

స్టవ్వు కట్టేసి హాల్లోకి వెళ్ళాను.